పంటు వెంట ఊరు

శ్రావణ పౌర్ణమి మర్నాడు

పొద్దున పులుసు పొయ్యి మీద ఉండగా హద్దు గంట మోగింది. చేతి జీపీఎస్ పెట్టె తీసి చూస్తే నా తెప్ప నా స్థలం దాటి పడమటికి మూరెడు జరిగి, పక్కింటి వీరాస్వామి స్థలంలోకి చొరబడిందట. రాత్రంతా గాలి లేదు. లంగరు తాడు బిగువుగానే ఉంది. అయినా పెట్టె మోగుతూనే ఉంది, వీరాస్వామి పెళ్లాం తన గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది. పులుసు దించి, లంగరెత్తి, గెడ వేసి తెప్పని తూర్పుకి మూరెడు నెట్టుకున్నాను. గంట ఆగింది. కుదుపుకి చేప ముక్కలన్నీ చితికిపోయాయి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ప్రతి తెప్పా తన చోటు వదల్లేదని రోజూ పుస్తకంలో రాసి పెట్టాలని కమిటీ తీర్మానం చేసింది. కొప్పాడి పల్లాలమ్మ అనే నేను, టవర్ పక్క తెప్పలో ఒక్కదాన్నే కాపురముంటున్నాను, చోటు వదల్లేదు. కమిటీ ప్రెసిడెంటు సర్వారాయుడు గారు ఈ పుస్తకాల అట్టలు చూసి సంతకం పెడతారు, లోపల తిప్పరు. కాబట్టి మిగతా కాగితాలు నావి.

శ్రావణ బహుళ అష్టమి

ఊళ్లో అందరికీ ఇదే గొడవ. తెల్లారితే చాలు, ఒక తెప్ప తర్వాత ఒక తెప్ప గంట కొడుతుంది. ఆడా మగా గెడలు పట్టుకుని తలా మూరెడు తూర్పుకి జరుగుతారు. జరిగాక పెట్టె చూసుకుని, మా స్థలంలో మేమున్నామని తృప్తిగా తలాడించి చద్దన్నాలకి కూర్చుంటారు.

ఆ స్థలం అనేది ఎక్కడుందని వెతికితే, మా తాతల నాటి కొబ్బరితోటలూ పెంకుటిళ్లూ నీళ్ల అడుగున ఉన్నాయి. సముద్రం లోపలికొచ్చి కూర్చున్నప్పుడు పడమటి పక్కనున్న పాతపాలెం వాళ్లు పరిహారం పుచ్చుకుని మెట్టకి పోయి సుఖంగా ఉన్నారు. మావాళ్లకి పౌరుషం ఎక్కువ. పీపాల మీద వెదురు తెప్పలు కట్టుకుని ఎవరి దొడ్డి మీద వాళ్లు తేలారు. సర్కారు కూడా ముచ్చటపడి నీటి పట్టాలిచ్చి, హద్దులు చూసుకోమని ఇంటికో జీపీఎస్ చేతిలో పెట్టింది. గట్టు కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్న భూమి మునిగిపోయింది గానీ ఆ గట్టు మాత్రం భద్రంగా పెట్టెలోకి ఎక్కింది. వరసగా ఏడు రోజులు హద్దు బయట ఉంటే పట్టా రద్దు చేస్తారు.

ఇవాళ నా బట్టల తాడు తెగింది. ఒక కొస తెప్పకి, ఒక కొస పాతకాలపు సెల్ టవర్‌కి కట్టాను. ఆ టవర్ పైభాగం మా ఊరి మధ్యలో నీళ్లలోంచి లేచి ఉంటుంది. తాడు తెగి రెండు చీరలు నీళ్లపాలయ్యాయి. టవర్ భూమిలో పాతిన ఇనుము. నేను పీపాల మీద తేలే మనిషిని. ఇద్దరిలో ఎవరు జరిగారో తేల్చడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆ మాటే మా వియ్యపురాలు బుల్లెమ్మతో అన్నాను. ఆవిడ తన పెట్టె తీసి, అంకెలు చూసి, మేమెక్కడికీ కదల్లేదు, టవరే పడమటికి నడుస్తోందని చెప్పింది. తుప్పు పట్టిన ఇనుము బురదలో నడుస్తుందట. ఎక్కడ విన్నావని అడిగితే, వినడమెందుకు, కనిపిస్తోంది గదా అంది.

భాద్రపద చవితి

ఈ పెట్టె చేతికొచ్చాక మావాళ్లు కళ్లు వాడడం మానేశారు. నా అల్లుడు ధనరాజు మెట్ట సంతకి వెళ్లేటప్పుడు కూడా దాన్ని పట్టుకునే వెళతాడు. రేవులో దిగితే సంతకి ఒక్కటే దారి, దిగిన దగ్గర్నుంచీ సంత పందిళ్లు ఎదురుగా కనిపిస్తూనే ఉంటాయి. అయినా బాణం గుర్తు చూసుకుంటూ నడిచి పోయినవారం గేదెని గుద్దుకున్నాడు. గేదె పక్కకి తప్పుకోలేదని వచ్చి నాతో ఫిర్యాదు చేశాడు.

ఇవాళ కమిటీ తెప్ప మీద వినాయకుడి పూజ. పురోహితుడు కామేశం గారు విగ్రహాన్ని తూర్పుముఖంగా పెట్టడానికి జీపీఎస్ తీశారు. కదిలేటప్పుడైతే ఆ బాణానికి దిక్కు తెలుస్తుంది, ఆగి ఉన్న తెప్ప మీద దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. అది ఉత్తరం వైపు చూపించి ఇదే తూర్పంది. సూర్యుడు ఆయన కుడి చెవి మీద ఎండ కొడుతున్నాడు. అయినా విగ్రహాన్ని ఉత్తరానికి తిప్పి అందర్నీ దాని ఎదుట కూర్చోబెట్టారు. పూజ సగంలో బాణం మళ్లీ తిరిగింది. విగ్రహాన్ని తిప్పారు, పళ్లేలు తిప్పారు, జనం అంతా లేచి ఇటు తిరిగి కూర్చున్నారు. మూడోసారి తిరిగేసరికి నేను లేచి ఇంటికొచ్చేశాను. పూజ మధ్యలో లేచానని సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది.

భాద్రపద ఏకాదశి

గోదారికి వరదొచ్చింది. నీళ్లు ఎర్రగా దిగుతున్నాయి. ఇప్పుడు మూరలు పోయి బారలు మొదలయ్యాయి, రోజుకి రెండు మూడు సార్లు గంట. టవర్ ఊరి మధ్యలోంచి పడమటి వైపుకి జరిగిపోతోంది.

టవర్ సంగతి తేల్చడానికి కమిటీ కూర్చుంది. సర్వారాయుడు గారు పెద్దమనిషి, ఏదైనా పద్ధతి ప్రకారం చేస్తారు. ఒక జీపీఎస్ పెట్టెని టవర్ కొమ్మకి వేలాడదీయించి, దాని పాత చోటుతో ఇవాళ్టి చోటు సరిపోల్చారు. పెట్టె లెక్క ప్రకారం టవర్ పడమటికి చాలా దూరం జరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. టవర్ నడుస్తున్నట్టు తీర్మానం రాసి, అది తెప్పల్ని గుద్దకుండా ప్రజలు జాగ్రత్తగా ఉండాలని దండోరా వేయించారు.

కొలకర్రే వంకరగా ఉంటే దానితో ఇంకో కర్రని కొలిచి ఏం లాభమని నేనడిగాను. పద్ధతి ప్రకారం చేతులెత్తి మాట్లాడమన్నారు. చెయ్యెత్తాను. అప్పటికి సభ ముగిసిందన్నారు.

నాకు నవ్వు రావడం ఆగిపోయింది మాత్రం ఇంటికొచ్చాకే. మా ఊరికి ఆగ్నేయాన పాత సరుగుడు తోటల దిబ్బ ఒకటి అడ్డంగా ఉంది. ఇన్నేళ్లుగా సముద్రపు దెబ్బ అదే కాసింది. తూర్పున ఆ దిబ్బ అయిపోతుంది, అక్కడ్నించి ఏరు సముద్రంలో కలిసే మొగ, దాని అవతల బాహాటంగా సముద్రం. ఊరంతా అటే పోతోంది. ఊరికి అందరికంటే తూర్పు చివర ఉన్నది నా కూతురు సుభాషిణి తెప్ప. అందులో పాకే పిల్లాడున్నాడు.

భాద్రపద పౌర్ణమి

తెరచాప పడవ అడిగి తీసుకుని ఏటికి ఎదురెక్కి పంటు దగ్గరికి వెళ్లాను. చేతి జీపీఎస్‌కి దానంతట దానికి ఇంత కచ్చితంగా మూరా జానా తెలియవు. పైనున్న ఉపగ్రహాలు చెప్పేదాంట్లో తేడా ఉంటుంది. ఆ తేడా దిద్దడానికి ఏటి మధ్యలో లంగరేసిన ఒక ఇనప పంటు, బల్లకట్టు లాంటిది, దాని మీద స్టేషన్ పెట్టారు. వెనక అది గట్టు మీద బిల్డింగులో ఉండేది, గట్టు మునిగాక పంటెక్కింది. ఈ పంటు చోటు ఇదీ అని అందులో ఒకసారి రాసి పెట్టేశారు. దాన్ని బట్టే మా ఊరి పెట్టెలన్నీ తమ అంకెలు సరిచేసుకుంటాయి.

పంటు లంగరు గొలుసు చూస్తేనే విషయం అర్థమైంది. లంగరు పట్టు వదిలేసింది. వరద తోస్తుంటే పంటు బురదలో గీసుకుంటూ కిందికి, సముద్రం వైపు జారుతోంది. పంటు ఎంత జారితే మా పెట్టెలు అంత తప్పు చెబుతున్నాయి. ఆ తప్పుని సరిచేసుకుంటూ ఊరు దాని వెనకే పోతోంది.

పంటు మీద కాపలా ఉండేవాడు చిట్టబ్బాయి. మర్యాదస్తుడు, నాకు కుర్చీ వేసి టీ ఇచ్చాడు. పాత వంతెన స్తంభం ఒకటి ఇదివరకు పంటుకి సరిగ్గా ఎదురుగా ఉండేది, ఇప్పుడు వెనక ఎక్కడో కనిపిస్తోంది. అదేమిటని అడిగాను.

"అది ఎనక్కెళ్లిపోయిందండి," అన్నాడు. "వరదకి స్తంభాలు కదుల్తాయండి. పైకి రిపోర్టు కూడా రాసేనండి."

"నీ పంటు కదల్లేదా?"

"ఆయ్, అదెలా కదుల్తాదండి? ఇదిగో చూడండి. నేను డ్యూటీలోకొచ్చిన కాణ్ణించి ఒక్క అంకె మారలేదు."

మారదు మరి. మారొద్దని చెప్పి పెట్టారు గదా. ఇంకో లంగరు వెయ్యమన్నాను. లంగరు స్టోర్సులోంచి రావాలి, స్టోర్సుకి పై ఆఫీసు నుంచి కాగితం రావాలి, అంకె మారందే కాగితం రాదు అన్నాడు. పై ఆఫీసుకి రేడియోలో నన్నే మాట్లాడమన్నాడు. మాట్లాడాను. స్టేషన్ చోటు సరిగ్గానే ఉంది, మీరేమీ కంగారు పడకండి అని అవతలి గొంతు ఓదార్చింది. వచ్చేటప్పుడు చిట్టబ్బాయి నాకు రెండు ఎండుచేపలు పొట్లం కట్టిచ్చాడు. దుర్మార్గుడైతే తిట్టిపోసి వచ్చేదాన్ని, అతని మీద కోపం ఎలా తెచ్చుకోవాలో తెలియలేదు.

మహాలయ అమావాస్య

సభలో అంతా చెప్పాను. పంటు, గొలుసు, స్తంభం, దిబ్బ, మొగ. చెయ్యెత్తే చెప్పాను. సర్వారాయుడు గారు ఓపిగ్గా విని, "మనం కదిలితే పెట్టెకి తెలీదాండీ పల్లాలమ్మగారూ?" అన్నారు. జనం అందరూ తలలూపారు. వీరాస్వామి పెళ్లాం, ఈవిడ పూజలో కూడా లేచి పోయిందని గుర్తు చేసింది. పట్టాల మీద అనుమానం పుట్టించే మాటలు మాట్లాడినందుకు నన్ను మందలిస్తూ తీర్మానం చేశారు.

ఇంటికొచ్చి తెప్పని గెడేసి పడమటికి వెనక్కి నెట్టుకెళ్లి ఇనప తాడుతో టవర్‌కి కట్టేశాను. పెట్టె గగ్గోలు పెట్టింది. దాన్ని బొంతలో చుట్టి ఖాళీ ఊరగాయ జాడీలో పెట్టి మూత బిగించాను. ఇప్పుడు జాడీ మూలుగుతోంది. అలవాటైపోతుంది. పుస్తకం అట్ట మీద మాత్రం చోటు వదల్లేదనే రాస్తాను, సర్వారాయుడు గారు సంతకం పెడతారు, కాబట్టి ఏడు రోజుల గడువు నాకు మొదలే కాదు.

ఆశ్వయుజ పంచమి

ఊరు నా పక్కనుంచే వెళుతోంది. ముందు వీరాస్వామి తెప్ప వచ్చింది. నువ్వు మా వంటింట్లో ఉన్నావు, లేచి పో అంది వాళ్లావిడ. నేను లేవలేదు. రెండు రోజులు నన్ను ఆనుకుని కాపురం చేసి, రోజంతా తిట్టి, తర్వాత వాళ్ల వంటిల్లు తూర్పుకి పోతే దాని వెనక పోయారు. వాళ్ల వెనకున్నవాళ్లు వచ్చారు. నేను వాళ్ల పశువుల సాల్లో ఉన్నానట. ఆ పశువులు పోయి యాభై ఏళ్లయి ఉంటుంది. వాళ్లు కూడా తిట్టి వెళ్లారు. ఇలా వరసగా నేను ఊరి పడమటి వైపున్న అందరి ఇళ్లలోనూ దొంగతనంగా కాపురం చేశాను.

కామేశం గారు ఒక్కరు తిట్టలేదు. మీరున్నది మా దేవుడి గదమ్మా, కాస్త మడిగా ఉండండి అని బతిమాలి ముందుకి సాగారు.

విజయదశమి

పిండివంటలు పట్టుకుని పడవేసుకుని సుభాషిణి దగ్గరికి వెళ్లాను. ఇదివరకు నా గుమ్మంలో నిలబడి పిలిస్తే పలికేది. ఇప్పుడు తెడ్డు వేసి వేసి భుజాలు పడిపోయాయి. తెప్ప దిబ్బ కొస దాటేసింది. మొగ లోంచి వచ్చే అల పీపాల కింద దూరి నేలంతా ఎత్తి కుదేస్తోంది. గిన్నెలు గోడలకి కట్టేసి ఉన్నాయి. పిల్లాడి నడుముకి చీరగుడ్డ కట్టి రెండో కొస స్తంభానికి కట్టింది. వాడు ఒకవైపు పాకుతుంటే అల ఇంకోవైపు దొర్లిస్తోంది.

నాతో వచ్చేయమన్నాను. అది అన్నం కలుపుతూ తలెత్తలేదు.

"ఒచ్చేస్తే పట్టా పోద్ది గదమ్మా. ఏడు రోజులేగా గడువు. ఈ నీళ్లు తప్ప ఈడికి ఇంకేం పెడతాం మేం?"

"ఈడుంటే గదే నీళ్లు."

"పండగ పూట అలాంటి మాటలనకమ్మా. ఎల్లు నువ్వు."

అన్నం ముద్ద పిల్లాడి నోట్లో పెట్టి మొహం తిప్పుకుంది. దానికి భయంగా ఉందని నాకు తెలుసు. అది పుట్టినప్పటి నుంచీ భయమేస్తే కోపం తెచ్చుకుంటుంది, అది నా పోలికే. అల్లుడు పెట్టె చూపించి, అత్తా, మేం మా ఇంట్లోనే ఉన్నాం, అలలే కొత్తగా వస్తున్నాయి అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఏడ్చాను. ఎవరూ చూడలేదు కాబట్టి ఫర్వాలేదు.

కార్తీక శుద్ధ తదియ

రేడియోలో వాయుగుండం అన్నారు. ఎల్లుండికి తీరం తాకుతుందట. కమిటీ అత్యవసరంగా కూర్చుని ఎవరి పట్టా స్థలంలో వాళ్లు గట్టిగా లంగర్లు వేసుకుని ఉండాలని నిర్ణయించింది. ఎందుకంటే ఇన్నేళ్లలో ఎన్ని తుఫాన్లొచ్చినా మన స్థలాలకి దెబ్బ తగల్లేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు తగులుతుంది? ఇది సర్వారాయుడు గారి మాట. నిజమే, ఆ స్థలాలకి తగలదు. ఇప్పుడు ఆ స్థలాల్లో నేనూ నా ఊరగాయ జాడీ మాత్రమే ఉన్నాం.

మధ్యాహ్నం అన్నం సయించక కూర్చుని ఆలోచించాను. నా ఊరివాళ్లు అల వచ్చి కొట్టినా కదలరు. దేవుడు చెప్పినా దిక్కు చూసుకోరు. నేను పుట్టాక వీళ్లు ఒకే ఒక్క విషయానికి పరిగెత్తడం చూశాను.

తెప్పలు కట్టిన తొలిరోజుల నుంచీ మాకొక ఆనవాయితీ ఉంది. దిక్కులేని నీళ్లలో ఎవరైనా మూడు పూటలు పొయ్యి వెలిగించి వండుకు తింటే ఆ నీళ్లు వాళ్లవే. కమిటీ కూడా దాన్ని ఒప్పుకుని పట్టా రాసిస్తుంది. పెట్టె లెక్క ప్రకారం ఇప్పుడు టవర్ చుట్టూ ఉన్న నీళ్లు మా ఊరివి కావు, పాతపాలెం వాళ్లవి. వాళ్లు పరిహారం తీసుకుని పోయారు కాబట్టి ఎవరివీ కావు.

ఉన్న పీపాలన్నీ దింపి, ఎర్రగుడ్డలు కట్టి, టవర్ చుట్టూ కనుచూపు మేర నీళ్లకి కంచెలా తాడు పరిచాను. అరిటిబోదెల మీద మట్టిపొయ్యిలు పెట్టి అక్కడక్కడ వదిలాను. అప్పుడు పడవేసుకుని బుల్లెమ్మ దగ్గరికి వెళ్లి, నాలుగు మోపులు సరుగుడు పుల్లలు బదులడిగాను. ఒక్క మనిషికి అన్ని పుల్లలెందుకని అడిగింది. అడుగుతుందనే అడిగాను.

"పాతపాలెం నీళ్లు ఊరికే పడున్నాయి గదా వదినా," అన్నాను, చుట్టూ చూసి గొంతు తగ్గించి. "రేపు సాయంత్రానికి మూడు పూటలు అయిపోతాయి. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తాను వదినా," అంది బుల్లెమ్మ. ఆవిడ కళ్లు అప్పటికే నా భుజం మీదుగా పడమటి వైపు చూస్తున్నాయి.

ఎంత నీళ్లు చుట్టావని అడిగింది. చేతులు చాపి చూపించాను. పుల్లలు లేవంది.

కార్తీక చవితి

తెల్లవారకముందే గెడల చప్పుడు. అందరికంటే ముందు బుల్లెమ్మ తెప్ప. దానికి తాడు కట్టి వెనకాల నా కూతురి తెప్ప. విడి తెప్పకి విడి పొయ్యి, విడి పొయ్యికి విడి పట్టా అని ఆవిడ లెక్క. ఆవిడ దురాశకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. వెనక వీరాస్వామి, ఆ వెనక ఊరంతా. పట్టా రద్దవడానికి ఏడు రోజులు కావాలి, కొత్తది సంపాదించడానికి మూడు పూటలు చాలు. పాతదీ ఉంచుకుని కొత్తదీ కొట్టేయొచ్చని ఏ కమిటీ చెప్పకుండానే ప్రతివాడికీ తెలిసిపోయింది. పెట్టెలన్నీ గంటలు కొడుతున్నాయి. ఒక్కడు వినిపించుకుంటే ఒట్టు.

వాళ్లకి అనుమానం రాకూడదు గదా. అందుకని వాళ్లు నా పీపాలు తన్నేసి లోపలికి దూరుతుంటే అడ్డం పడ్డాను. వయసుమీరినదాని నోటి దగ్గర కూడు లాక్కుంటారా అని గుండెలు బాదుకున్నాను. వీరాస్వామి గెడ పట్టుకుని వేలాడాను. మా ఆయన పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు. నేను ఏడ్చినకొద్దీ వాళ్లు ఇంకా లోపలికి, దిబ్బ చాటుకి, తోసుకుపోయారు. లంగర్లు కూడా పాతకాలం మనుషుల్లా లోతుగా వేశారు. ఎవడైనా పక్కకి నెట్టేస్తాడని భయం.

సర్వారాయుడు గారు ఆఖర్న వచ్చారు. అక్రమంగా నీళ్లు ఆక్రమించుకోకుండా పర్యవేక్షించడానికి వచ్చానన్నారు. ఆయన తెప్ప మీద పొయ్యి రాజుకునే ఉంది.

సుభాషిణి నా తెప్ప పక్కనుంచి వెళుతూ ఆగింది. పిల్లాడు చంకలో ఉన్నాడు.

"ఇదా అమ్మా నీ బుద్ధి. మమ్మల్ని పట్టా ఒదిలి రమ్మంది ఇందుకా? అంతా నువ్వొక్కదానివే మింగుదామనా?"

నోటి దాకా వచ్చింది. చెబితే వినకపోవచ్చు. వింటే ధనరాజు పెట్టె తీస్తాడు, పెట్టె తీస్తే మళ్లీ తూర్పు. సాయంత్రానికే గాలి మొదలవుతుంది. అవునే అన్నాను. మింగుదామనుకున్నాను, అయితే ఏంటి?

అది నీళ్లలో ఉమ్మేసి వెళ్లిపోయింది.

కార్తీక సప్తమి

రెండు రోజులు రాయడానికి వీల్లేకపోయింది. గాలి దిబ్బ మీదున్న మొండి సరుగుళ్లని కూడా పీకేసింది. ఇద్దరి కప్పులు ఎగిరిపోయాయి, కమిటీ తెప్ప విరిగింది. మనిషికి మాత్రం ఎవరికీ ఏమీ కాలేదు. నిన్న మధ్యాహ్నం గాలి తగ్గాక దిబ్బ మీదికెక్కి తూర్పుకి చూశాను. నా కూతురి తెప్ప నాలుగు రోజుల కిందట ఎక్కడుందో అక్కడ తాటిచెట్టంత అలలు ఇంకా విరుగుతున్నాయి.

పంటు గొలుసు తెంచుకుని సముద్రంలోకి పోయింది. చిట్టబ్బాయి ఆ ముందురోజే పడవెక్కి మెట్టకి చేరాడు. స్టేషన్ చోటు మారలేదని ఆఖరి రిపోర్టు పంపి మరీ దిగాడట.

కార్తీక ఏకాదశి

దిద్దే పంటు లేకపోయేసరికి పెట్టెలు ఉపగ్రహాలు చెప్పినదాన్నే చెబుతున్నాయి. అయిదారు బారలు అటూ ఇటూగా నిజం చెబుతున్నాయన్నమాట. ఆ లెక్కన అందరూ గెడలేసి కాస్త సర్దుకునేసరికి ఎవరి స్థలంలో వాళ్లున్నారు. తుఫాను తోపుకి టవర్ కూడా తన పాత చోటుకి తిరిగొచ్చిందని కమిటీ తీర్మానం చేసింది. మన భూమి మనల్ని వదిలి ఎక్కడికి పోతుందని కామేశం గారు టవర్‌కి కొబ్బరికాయ కొట్టారు.

ఆ తర్వాత నా కేసు తీశారు. ఇన్నాళ్లూ నేను తాడు పరిచిన నీళ్లు పాతపాలెం వాళ్లవనుకున్నారు. పెట్టె ఇప్పుడు అవి మన ఊరివేనంటోంది. అంటే పల్లాలమ్మ ఊరివాళ్ల సొంత స్థలాలనే కబ్జా చేయబోయింది. సభలో ఎవరికీ నవ్వు రాలేదు. నా పట్టా రద్దు చేశారు. టవర్ ఎవరి సొత్తూ కాదు కాబట్టి దాన్ని పట్టుకుని వేలాడొచ్చన్నారు. చెయ్యెత్తి ఏమైనా చెప్పుకుంటావా అని సర్వారాయుడు గారు పద్ధతి ప్రకారం అడిగారు. వచ్చే నెల కొత్త పంటు వస్తోంది, దాన్ని ఈసారి ఎక్కడ కడతారో నేను వెళ్లి చూసుకోవాలి. ఇక్కడ మాట్లాడి ఏం లాభం? ఏమీ లేదన్నాను.

కార్తీక పౌర్ణమి

సుభాషిణి తెప్ప మళ్లీ దాని పాత చోట ఉంది. పిల్లాడు గుమ్మం దాకా పాకి వస్తున్నాడు, అది వాణ్ణి మాటిమాటికీ వెనక్కి లాగుతోంది. నాతో మాట్లాడనని ఒట్టు పెట్టుకుందట, బుల్లెమ్మ వచ్చి సంతోషంగా చెప్పింది. మాట్లాడడం లేదు గానీ, పొద్దుటి నుంచీ అంట్లు తోముతూ ఊరికి వినపడేలా తిడుతోంది. మనవడి నోటి కాడ నీళ్లు లాక్కోబోయిన అమ్మ ఎక్కడైనా ఉంటుందా అంటోంది. చచ్చినా నా గుమ్మం తొక్కదట.

తిట్టనీ. గాలి అటునుంచే వీస్తోంది. నా గుమ్మంలో కూర్చుంటే ఒక్క మాట పోకుండా అన్నీ వినపడుతున్నాయి.